మూడు నెలల ఫోటోగ్రఫీ కోర్సు: నేర్పారు, ఉద్యోగం మాత్రం అడగొద్దు

పేరు చెప్పను గానీ, హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 45 వేలు కట్టి ఈ కోర్సు చేశాను. పాఠాలకు వంక పెట్టను, నాలుగు స్టార్లు ఇస్తా. ఫోటోలో వెలుతురు ఎంత పడాలో తేల్చే కెమెరా సెట్టింగులు అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓలలో ఒకదాన్ని మారిస్తే మిగతావి ఎలా సర్దుకోవాలో సారు చేతికి కెమెరా ఇచ్చి మరీ నేర్పారు. కానీ 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్నది ఉత్త మాట. చివరికి చూపించింది పెళ్లిళ్ల స్టూడియోలో అసిస్టెంట్ పని, రోజుకు 1,200, అదీ పెళ్లి ఉన్న రోజే. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే రాత్రంతా లైటు పట్టుకుని నిలబడాలి, ఆషాఢం వచ్చిందా, ఫోనే మోగదు. నెల జీతం కావాలంటే ఆన్‌లైన్ షాపులకు ప్రోడక్ట్ ఫోటోలు తీసే స్టూడియోల్లాంటివే దిక్కు. నేను తిరిగిన చోట్ల సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు, పోర్ట్‌ఫోలియో, అంటే మనం తీసిన మంచి ఫోటోల సంకలనం, చూపించమన్నారు. అది తయారు చేయించడం వీళ్ల సిలబస్‌లోనే లేదు! సొంతంగా దిగుదామంటే ఫుల్‌ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా), మంచి లెన్సు కలిపితేనే లక్షల మాట, ఈ లెక్క చేరేముందు ఒక్కరూ చెప్పలేదు. డిగ్రీయే కావాలనుకుంటే మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ముందు అది కనుక్కోండి.