ఏళ్ల వాడకం తరువాత డబుల్ యాక్షన్ రివాల్వర్: ట్రిగ్గర్ ఒకసారి తేలికగా, ఒకసారి బరువుగా ఎందుకు వస్తుంది?

ఆరు తూటాలు పట్టే .38 స్పెషల్ డబుల్ యాక్షన్ రివాల్వర్‌ను కొన్నేళ్లుగా రేంజిలో గురి సాధనకు వాడుతున్నాను. 4 అంగుళాల బ్యారెల్, ఉక్కు ఫ్రేము, పిడిలో ఆకు ఆకారపు మెయిన్ స్ప్రింగ్ ఉన్న పాత తరహా అమరిక ఇది. గురి, మన్నిక, చేతిలో ఒదిగే తీరు విషయంలో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. వాడకం పెరిగేకొద్దీ తలెత్తిన ఇబ్బంది ట్రిగ్గర్‌తోనే: ఒక తూటాకు సాఫీగా వెనక్కి వచ్చేది, తరువాతి తూటాకు సగంలో బిగుసుకుని, బలం పెంచితే గానీ కదిలేది కాదు.

డబుల్ యాక్షన్‌లో ఒక్క వేలి బలమే తూటాల అరలుండే సిలిండర్‌ను తిప్పి, తూటాను పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ను వెనక్కి లేపి, చివరికి దాన్ని వదలాలి. ఆరు అరల సిలిండర్ ప్రతిసారీ 60 డిగ్రీలు తిరుగుతుంది. ఈ పనికి సాధారణంగా 10 నుంచి 12 పౌన్ల బలం, అంటే సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల బలం పడుతుంది. హ్యామర్‌ను ముందే ఎత్తిపెడితే మూడు నాలుగు పౌన్లు చాలు. బరువు ఎక్కువైతే చెయ్యి అలవాటు పడుతుంది గానీ, ఎగుడుదిగుడుకు అలవాటు పడలేదు. బిగువు ఎక్కడ వస్తుందో తెలియక వేలు జంకుతుంది, గురి పక్కకు పోతుంది. ఇలాంటప్పుడు చాలామంది తేలికపాటి స్ప్రింగులు వేయిస్తారు. నా దృష్టిలో అది రోగం తెలియకుండా మందు వేయడమే. హ్యామర్‌ను ముందుకు విసిరే మెయిన్ స్ప్రింగ్ బలహీనపడితే ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బకు నిప్పు రగిలించే చిన్న మూత) మీద దెబ్బ చాలక తూటా పేలదు, ట్రిగ్గర్‌ను ముందుకు తోసే స్ప్రింగ్ బలహీనపడితే అది తిరిగి రావడం మందగిస్తుంది. బిగువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

స్ప్రింగుల జోలికి పోయే ముందు ఆ బిగువు ఏ అర దగ్గర వస్తున్నదో చూడాలి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు సరిచూసుకుని, సిలిండర్ మీద ఒక అరకు గుర్తు పెట్టి, ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా లాగుతూ పోతే సంగతి చాలావరకు బయటపడుతుంది. ప్రతి చుట్టులో అదే ఒక్క అర దగ్గర మొరాయిస్తే, సిలిండర్ వెనుక ఉండే పళ్లలో ఒకటి అరిగిందో, సరిగా కోయలేదో అనుకోవచ్చు. బరువు కొన్ని అరలపాటు క్రమంగా పెరిగి, మళ్లీ క్రమంగా తగ్గితే ఎజెక్టర్ రాడ్ (కాల్చిన తూటాల ఖాళీ తొడుగులను బయటికి తోసే కడ్డీ) వంగి ఉండే అవకాశమే ఎక్కువ. సిలిండర్ తెరిచి రాడ్‌ను తిప్పి చూస్తే ఆ వంపు కంటికే కనిపిస్తుంది. ఏ వరుసా లేకుండా ఎక్కడ పడితే అక్కడ బిగుస్తుంటే మురికినో, లోపల గడ్డకట్టిన పాత నూనెనో అనుమానించాలి. ఖాళీగా బాగుండి, తూటాలు నింపినప్పుడే బిగుస్తుంటే వాటి ప్రైమర్లు మట్టానికి పైకి ఉన్నాయేమో చూడాలి. ఇంట్లో తిరిగి నింపుకున్న తూటాల్లో ఇది తరచుగా జరుగుతుంది.

నా రివాల్వర్‌లో ప్రధాన కారణం ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (ఆ రాడ్ చివర, తొడుగుల అంచులను పట్టి తోసే నక్షత్రం ఆకారపు భాగం) కింద చేరిన, కాలీ కాలని మందు పలుకులు. ఒక్క పలుకు చాలు, ఆ నక్షత్రం పూర్తిగా కూర్చోకుండా వెనుక ఉన్న ఫ్రేముకు రాసుకుంటుంది. ఖాళీ తొడుగులను బయటికి తోసేటప్పుడు బ్యారెల్‌ను పైకి ఎత్తి పట్టుకోవడం మొదలుపెట్టాక, పలుకులు నేలమీద రాలిపోయి ఈ బాధ బాగా తగ్గింది. దీనికి తోడు ఎజెక్టర్ రాడ్ మర వదులైంది. రాడ్ కొద్దిగా బయటికి వచ్చినా పొడవు పెరిగినట్టే కనుక, ముందువైపు నొక్కుకుని సిలిండర్ తిరగడం కష్టమవుతుంది. మర ఏ దిక్కు తిరుగుతుందో తెలుసుకోకుండా దాన్ని బిగించకూడదు: స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో 1960ల తొలినాళ్ల నుంచి ఎడమ మర వస్తున్నది, అంతకు ముందువి కుడి మరవి. బిగించేటప్పుడు అరల్లో ఖాళీ తొడుగులు పెట్టుకుంటే స్టార్‌ను నిలబెట్టే చిన్న పిన్నుల మీద భారం పడదు.

చాలాసేపు కాల్చిన తరువాత మాత్రమే బిగుసుకుంటే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు చూడాలి. సాధారణంగా అది అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి పది వరకు ఉంటుంది. సీసమూ మసీ పేరుకుని, సిలిండర్ వేడికి వ్యాకోచిస్తే ఇరుకు సందు పూడిపోతుంది. సీసపు తూటాలు వాడేవారికి ఇది తప్పని శుభ్రత పని.

ట్రిగ్గర్ హఠాత్తుగా తేలికైతే సంతోషించనక్కరలేదు. ఆకు స్ప్రింగును నొక్కిపట్టే స్క్రూ పిడి ముందువైపు ఉంటుంది; అది వదులైందంటే కొన్ని తూటాలు పేలకపోవడం కూడా మొదలవుతుంది. దాన్ని పూర్తిగా బిగించి ఉంచాలే తప్ప, బరువు తగ్గించే మీటలా వాడకూడదు.

సైడ్ ప్లేట్ (ఫ్రేము పక్కన లోపలి భాగాలను కప్పే మూత) తెరిచి చేసే పని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు వదిలేయడం మేలు. ప్లేటును ఏదైనా మొనతో పెకలిస్తే అంచు చెడి మళ్లీ సరిగా అమరదు. పళ్లను ఆకురాయితో ఎక్కువ అరగదీస్తే పోయిన లోహం తిరిగి రాదు, హ్యామర్ పడే వేళకు అర బ్యారెల్‌కు ఎదురుగా నిలవకపోవచ్చు. సిలిండర్ ముందూవెనకా ఎక్కువగా కదులుతున్నా ఆయనే కొలిచి సరిచేయాలి.

ఇవన్నీ చక్కబెట్టాక నా రివాల్వర్ ట్రిగ్గర్ బరువు అంతే ఉంది, ఆరు అరలకూ ఒకేలా ఉంది. ఓపికగా శుభ్రం చేసుకునేవారికి ఈ తరహా తుపాకీని నిస్సంకోచంగా సూచిస్తాను. వాడినది కొనేటట్లయితే, అమ్మేవారి అనుమతితో స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి, ఆరు అరలనూ నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి చూడనిదే బేరానికి దిగవద్దు.