శాంతి కోసం క్వేకర్లు చేసే పనుల్లో ఏది మేలు?

ఫిలడెల్ఫియా దగ్గర ఒక చిన్న క్వేకర్ మీటింగ్‌కి (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖ వాళ్ళ ప్రార్థనా సమాజం అది) వెళ్తామని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడి తెలుగువాళ్ళు మమ్మల్ని అడిగేది ఒకటే, యుద్ధం వద్దంటారు సరే, ఆదివారం మౌనంగా కూర్చోవడం కాక ఇంకేం చేస్తారు, దేనివల్ల ఉపయోగం అని. పోయిన చలికాలం మా మీటింగ్‌లోనూ ఇదే చర్చ. వచ్చేది పాతిక మంది, సగం మంది 70 దాటినవాళ్ళు, అన్నీ చెయ్యలేం. మాకు ఓటింగ్ ఉండదు, అందరికీ సరే అనిపించేదాకా ఆగాలి, మూడు నెలలు పట్టింది.

బ్యానర్ పట్టుకుని రోడ్డు పక్కన గంటసేపు మౌనంగా నిలబడటం మంచిదే, ఖర్చు లేదు, పెద్దవాళ్ళూ చెయ్యగలరు.

యుద్ధానికి వెళ్ళే వాటా మేరకు ట్యాక్స్ కట్టకుండా ఆపడం పాత దారి, 1755లోనే జాన్ వూల్మన్ లాంటి క్వేకర్లు కట్టం అన్నారు. ఆ ధైర్యానికి దణ్ణం పెడతాను, కానీ ఇప్పుడు అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ వడ్డీ, పెనాల్టీ కలిపి జీతంలోంచే లాగేసుకుంటుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి నేను చచ్చినా చెప్పను.

లాబీయింగ్ గట్టి పోటీ. వాషింగ్టన్‌లో క్వేకర్ల లాబీ ఆఫీసు 1943 నుంచి ఉంది, పదిమంది కలిసి మన కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకెళ్ళి ఒకే బిల్లు మీద మాట్లాడితే స్టాఫ్ రాసుకుంటారు, సిటిజన్‌షిప్ లేకపోయినా వెళ్ళొచ్చు. కాకపోతే సభ్యుడు మారితే మళ్ళీ మొదటికి.

సహాయ పనుల గురించి కొత్తగా చెప్పేదేముంది, మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక శత్రుదేశం జర్మనీ పిల్లలకి అన్నం పెట్టినవాళ్ళు, 1947లో నోబెల్ వచ్చింది. మాలాంటి చిన్న మీటింగ్‌కి అది చెక్కు రాయడమే, అది రాస్తూనే ఉన్నాం.

నా మటుకు నాకు తేల్చేది ఒక్కటే, ఆ పని చెయ్యమని అడిగిందెవరు? 1975లో న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీన్ హేవెన్ జైల్లో ఉన్నవాళ్ళే, కుర్రాళ్ళు హింసలో కూరుకుపోతున్నారు, సాయం చెయ్యండని క్వేకర్లని అడిగారు, అలా పుట్టిందే ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్ వర్క్‌షాప్. మూడు రోజులు, గుండ్రంగా కుర్చీలు, ఎవరి ఇష్టం మీద వాళ్ళు రావాలి. పేరు ముందు అదే అక్షరంతో ఒక మంచి మాట పెట్టుకోవాలి, శాంత శ్రీను అన్నట్టు, ఇక మూడు రోజులూ అదే పేరు. తర్వాత గొడవ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆపగలిగేవాళ్ళం అని వాళ్ళ జీవితంలోంచే తీసి నటించి చూస్తారు. ట్రైనింగ్ పూర్తయితే ఖైదీలే నడిపిస్తారు, మేం వెళ్ళకపోయినా లోపల పని ఆగదు, నాకు బాగా నచ్చింది ఇదే. మొదటిసారి వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన, తన మాట మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా వినడం ఇదే మొదటిసారి అన్నాడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చివరికి మీటింగ్ కూడా దానికే సరే అంది. మార్చిలో ముగ్గురం వెళ్తున్నాం. మూడు రోజులు కూర్చోలేని పెద్దవాళ్ళలో ఒకావిడ జైలు గేటు దాకా కారులో దింపుతానన్నారు, ఇంకో ఇద్దరు మా పిల్లల్ని చూసుకుంటామన్నారు.