జనగణమన: పాడి తీరాలా, నిలబడితే చాలా?

బడిలో జాతీయ గీతం ఉండాలా అన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఉండాలి. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే. వరుసలో నిలబడ్డ ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ నోరు విప్పి పాడి తీరాలా? పాడనంటే ఏం చేయాలి?

మన ముందు మూడు దారులున్నాయి. పాడటాన్ని తప్పనిసరి చేసి, పాడనివాళ్ల మీద చర్య తీసుకోవడం ఒకటి. అందరూ మర్యాదగా నిలబడాలని చెప్పి, గొంతు కలపడం మాత్రం వాళ్ల మనసుకు వదిలేయడం రెండోది. నిలబడటం కూడా ఎవరిష్టం వాళ్లదనడం మూడోది. ఏళ్ల తరబడి పిల్లలతోపాటు అసెంబ్లీలో నిలబడిన టీచరుగా నేను రెండోదాని వైపే ఉంటాను. అయితే మొదటి దారి కావాలనేవాళ్లను కొట్టిపారేసే ఉద్దేశం లేదు. వాళ్ల మాటలో పస ఉంది, ముందు అదే చూద్దాం.

బడిలో తప్పనిసరి కానిది ఏముంది అని వాళ్లు అడుగుతారు. ఎక్కాలు ఏ పిల్లాడూ ఇష్టపడి నేర్చుకోడు. యూనిఫాం వేసుకోమంటే వేసుకుంటున్నారు, ప్రతిజ్ఞ చెప్పమంటే చెప్తున్నారు. అలాంటిది 52 సెకన్ల పాట దగ్గర మాత్రం ఇష్టాయిష్టాల ప్రసక్తి ఎందుకు? ఇంకో మాట కూడా అంటారు, అది ఇంకా బరువైనది. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్ల పిల్లలు కూడా అసెంబ్లీలో భుజం భుజం కలిపి నిలబడతారు. ఏ వాడ, ఏ మతం, అమ్మానాన్నలు ఏం పని చేస్తారు అన్నవేవీ ఆ ఒక్క నిమిషం గుర్తుకు రావు. అందరి గొంతూ ఒకటయ్యే చోటు రోజు మొత్తంలో అదొక్కటే. దాన్ని ఐచ్ఛికం చేస్తే మొదట బిడియస్తులు తప్పుకుంటారు, తర్వాత బద్ధకస్తులు. ఏడాది తిరిగేసరికి మైకు దగ్గరున్న నలుగురు ఆడపిల్లలే పాడతారు, మిగతా బడంతా వింటుంది. అసెంబ్లీ నడిపిన ఎవరినైనా అడగండి, ఇది నిజమేనంటారు. నేనూ అంటాను.

మరి నాకు ఎక్కడ తేడా వస్తోంది? "తప్పనిసరి" అన్న మాటకు అసలు పరీక్ష పాడే వందలమంది దగ్గర ఉండదు. పాడలేనని చెప్పే ఒక్క పిల్ల దగ్గర ఉంటుంది. ఆ పిల్లను ఏం చేస్తామో ముందే తేల్చుకోకుండా నిబంధన రాయకూడదు. మన దేశంలో ఆ పరీక్ష ఒకసారి జరిగింది కూడా.

1985 జులైలో కేరళలోని కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు ముగ్గురు పిల్లలను బయటికి పంపేసింది. ముగ్గురూ తోబుట్టువులే. ఒకరు పదో తరగతి, ఒకరు తొమ్మిది, చిన్నది ఐదు. వాళ్ల కుటుంబం యెహోవా సాక్షుల శాఖకు చెందింది. తమ దేవుడికి తప్ప మరి దేనికీ స్తుతిగీతం పాడకూడదన్నది వాళ్ల విశ్వాసం. ఆ పిల్లలు అసెంబ్లీ ఎగ్గొట్టలేదు, వెకిలి చేష్టలు చేయలేదు. జనగణమన మొదలవగానే అందరిలాగే నిటారుగా నిలబడేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు. అంతకుముందు వాళ్ల అక్కలూ అదే బడిలో అలాగే నిలబడి చదువుకుని వెళ్లారు. ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఒక శాసనసభ్యుడి కంటపడింది. విషయం శాసనసభకెక్కింది, విచారణ కమిషన్ వేశారు. పిల్లలు చక్కగా నడుచుకునేవాళ్లనీ, జాతీయ గీతాన్ని వాళ్లు అగౌరవపరచలేదనీ ఆ కమిషనే తేల్చింది. అయినా పై అధికారుల ఆదేశంతో హెడ్మిస్ట్రెస్ వాళ్లను తీసేశారు. ఆ పిల్లలు హైకోర్టులోనూ ఓడిపోయారు.

సుప్రీంకోర్టు తీర్పు 1986 ఆగస్టు 11న వచ్చింది. బిజో ఇమ్మానుయేల్ కేసుగా అది ప్రసిద్ధం. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఢిల్లీ వెళ్లిన మన తెలుగు న్యాయమూర్తి. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ దేశంలో లేదని, మర్యాదగా నిలబడినవాళ్లు అగౌరవపరిచినట్టు కాదని ఆయన తేల్చి చెప్పారు. విద్యాశాఖ సర్క్యులర్‌ను చూపించి పిల్లల భావప్రకటన స్వేచ్ఛను, మత స్వేచ్ఛను తీసేయడం కుదరదన్నారు. ముగ్గురినీ తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. సహనం మన సంప్రదాయంలో, తత్వంలో, రాజ్యాంగంలో ఉందని, దాన్ని పలచన చేసుకోవద్దని అంటూ తీర్పు ముగించారు. టీచర్ల శిక్షణ తరగతుల్లో చదివించాల్సిన తీర్పు అది.

అప్పటికే ఆ పిల్లలకు ఏడాది చదువు పోయింది. ఐదో తరగతి పిల్ల ఏడాది ఇంట్లో కూర్చుంటే దేశానికి ఒరిగిందేమిటి? మొదటి దారి కావాలనే మిత్రులకు నేను వేసే ప్రశ్న ఇదొక్కటే. వాళ్లలో చాలామంది "అంత దూరం పోనివ్వం లెండి" అంటారు. కానీ నిబంధన రాశాక దాన్ని ఎంతదూరం తీసుకెళ్లాలో మన చేతుల్లో ఉండదు. ఎవరో ఒకరు చూస్తారు, ఫోనులో వీడియో తీస్తారు, పైనుంచి ఆర్డరు వస్తుంది.

చట్టం గురించి బళ్లలో చాలా అపోహలున్నాయి కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించడం ప్రతి పౌరుడి విధి అంటుంది. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం, పాడేవాళ్లను కావాలని అడ్డుకున్నా, పాడుతున్న సభలో గలాటా చేసినా మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఊరకే నిలబడటం అందులో నేరం కాదు. బడి రోజును సామూహిక గీతాలాపనతో మొదలుపెట్టవచ్చని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులు చెబుతున్నాయి, పాడటాన్ని పిల్లల్లో ప్రచారం చేసే బాధ్యతను బడి యాజమాన్యం మీద పెడుతున్నాయి. బాధ్యత ఎవరిదో గమనించండి. పిల్లలకు నేర్పాల్సింది మనం.

పెదవుల మీద కాపలా

తప్పనిసరి అన్నాక తనిఖీ ఉండాలి. తనిఖీ దేన్ని చూస్తుంది? పెదవులను. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. జపాన్‌లో 1999లో జాతీయ పతాకం, గీతాలపై చట్టం చేశారు. 2003లో టోక్యో విద్యాబోర్డు స్నాతకోత్సవాల్లో టీచర్లు లేచి నిలబడి పాడాలని ఆదేశించింది. నిలబడని వందలమంది టీచర్లకు శిక్షలు పడ్డాయి. 2012లో ఒసాకాలోని ఒక హైస్కూల్లో ఇంకో మెట్టు ఎక్కి, లేచి నిలబడ్డ టీచర్ల నోళ్లు కదులుతున్నాయో లేదో పరిశీలించారు. పెద్దవాళ్ల సంగతే అలా ఉంటే పిల్లల మాట చెప్పాలా?

మన అసెంబ్లీల్లోనూ ఇది జరుగుతూనే ఉంది. పై అధికారి తనిఖీకి వచ్చిన రోజు చూడండి. వరుసల మధ్య ఒక సారు నడుస్తుంటారు, "ఏరా, నోరు కదపవేం" అంటూ. వెనక వరుసలో పొడుగు కుర్రాడు ఠక్కున పెదవులు ఆడించడం మొదలుపెడతాడు. శబ్దం రాదు. సారు ముందుకు పోగానే పెదవులు ఆగిపోతాయి. పక్కవాడు అది చూసి నేర్చుకుంటాడు. ఆ కుర్రాడికి ఏ మత అభ్యంతరమూ లేదు, కాస్త గొంతు మారే వయసు, సిగ్గు. వాడికి ఆ రోజు మనం నేర్పింది నటన. నిజంగా అభ్యంతరం ఉన్న పిల్లకైతే నటన కూడా చేతకాదు. అబద్ధం ఆడటం ఇష్టం లేకే ఆమె నోరు మూసుకుంది. కాబట్టి నిబంధన కాస్తా నిజాయితీగా ఉన్న పిల్లనే పట్టిస్తుంది, నటించేవాణ్ని వదిలేస్తుంది.

"అందరూ పాడాలి" అని గోడమీద రాసేవాళ్లకు గుర్తురాని పిల్లలు ఇంకా ఉన్నారు. మాట రానివాళ్లు, చెవులు వినపడనివాళ్లు. 2017లో కేంద్రం జాతీయ గీతాన్ని సంజ్ఞా భాషలో వీడియోగా విడుదల చేసింది. బధిర విద్యార్థి ఒక్కరున్నా ఆ సంజ్ఞలను తరగతి మొత్తానికీ నేర్పవచ్చు. పిల్లలు ఇలాంటివి ఎంత ఇష్టంగా నేర్చుకుంటారో!

అంతా ఇష్టమే అంటే?

మూడో దారికి అమెరికా పెద్ద ఉదాహరణ. అక్కడి గొడవ పాట మీద కాదు, జెండా వందనం, ప్రతిజ్ఞల మీద. ఈ కేసుల్లోనూ యెహోవా సాక్షుల పిల్లలే. 1940లో అక్కడి సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో బలవంతాన్ని సమర్థించింది. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల ఆ శాఖవారి మీద మూకదాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో అదే కోర్టు 6-3తో తన తీర్పును తానే తిరగరాసింది. ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, సైనికులు రోజూ చనిపోతుండగా, పిల్లలతో బలవంతంగా వందనం చేయించకూడదని చెప్పింది. యుద్ధకాలంలో ఒక దేశం ఆ మాట అనగలిగింది. ఇందుకు ఆ తీర్పు మీద నాకు గౌరవం.

అయినా మన బడికి మూడో దారి సరిపడదంటాను. పాడటం వేరు, నిలబడటం వేరు. పాటలో మాటలుంటాయి, ఆ మాటలను నా నోటితో అనమంటే అది నా విశ్వాసాన్ని తాకవచ్చు. నిలబడటం నా చుట్టూ ఉన్నవాళ్ల భావాన్ని మన్నించడం. బిజో కేసు పిల్లలే ఆ తేడాను పాటించి చూపించారు, నిలబడటానికి వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. నిలబడటం అందరికీ తప్పనిసరైతే పాడని పిల్ల గుంపులో కలిసిపోతుంది. నిలబడటం కూడా ఐచ్ఛికమైతే ఆ ఒక్కతే నేలమీద కూర్చుని అందరి కళ్లలో పడుతుంది. పదకొండేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు. ఇంటర్వెల్‌లో ఆ పిల్లను ఏమంటారో, ఏ పేరు పెట్టి పిలుస్తారో టీచర్లకు తెలియనిది కాదు. కోర్టు స్వేచ్ఛ ఇవ్వగలదు గానీ ఇంటర్వెల్‌లో వచ్చి కాపాడలేదు. నిలబడాలన్న నియమం పాడని పిల్లకు రక్షణ అవుతుంది.

సినిమా హాళ్ల అనుభవం కూడా చూడండి. 2016 నవంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి సినిమాకు ముందు జాతీయ గీతం వేయాలంది. నిలబడలేదని కొన్నిచోట్ల ప్రేక్షకుల మీద చేయిచేసుకున్నారు. 2018 జనవరిలో కోర్టే ఆ తప్పనిసరిని తీసేసింది. వేయడం హాలు యజమాని ఇష్టం, వేస్తే నిలబడాలి. అంటే చివరికి కోర్టు వచ్చి ఆగింది కూడా ఈ మధ్యదారికి దగ్గర్లోనే.

మధ్యదారిలో ఉన్న లోటు

మధ్యదారికి లోటు లేదనను. మొదట్లో చెప్పిన భయం, నలుగురే పాడి మిగతావాళ్లు వినే భయం, ఈ దారికే ఎక్కువ. నియమం పెట్టి ఊరుకుంటే అది నిజమవుతుంది. దానికి విరుగుడు నేర్పడం ఒక్కటే, అక్కడే మన బళ్లు వెనకబడ్డాయి. పదేళ్లు రోజూ పాడి, పదో తరగతి దాటిన పిల్లల్లో ఎంతమంది "ఉచ్ఛల జలధి తరంగ" తడుముకోకుండా రాయగలరు? ఉత్కళ అంటే ఒడిశా అని ఎంతమందికి చెప్పాం? చరణం చరణం విడదీసి, శ్రుతి పెట్టి, పటంలో పంజాబు నుంచి వంగదేశం దాకా వేలు కదిలిస్తూ నేర్పడానికి రెండు పీరియడ్లు చాలు. ఆ రెండు పీరియడ్లు ఇవ్వని బడికి, పాడలేదని పిల్లాణ్ని దండించే హక్కు ఎక్కడిది?

నేర్పడానికి మన దగ్గర ఎంత మంచి కథ ఉందో! 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో ఉన్నారు. అక్కడి విద్యార్థుల మధ్య ఈ పాట పాడారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరలిపి రాశారు. పాటకు ఠాగూర్ ఇంగ్లిష్ అనువాదం కూడా అక్కడే చేశారు. అది జాతీయ గీతం అయింది 1950 జనవరి 24న. అంతకు ముప్పై ఏళ్ల ముందే చిత్తూరు జిల్లా కుర్రాళ్లు దాన్ని ఏ సర్క్యులరూ లేకుండా పాడుకున్నారు. రోజూ ప్రతిజ్ఞ చెప్పే పిల్లలకు, దాన్ని 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసినవారు నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు అని చెప్పి చూడండి. మర్నాడు ప్రతిజ్ఞ చెప్పే గొంతులో తేడా మీకే తెలుస్తుంది.

రోజూ పాడాలా, వారానికోసారా అంటే, రోజూ అనే చెప్తాను. వారానికోసారి పాడితే పాట నాలుక మీద నిలవదు. అయితే ఎండలో ముప్పావుగంట ఉపన్యాసాలయ్యాక చివర్లో జనగణమన పెట్టడం మానాలి. అప్పటికి చిన్నపిల్లలు సోలిపోతుంటారు. ఉపన్యాసం తగ్గించండి, పాటను కాదు.

ఇక ఏ తండ్రైనా వచ్చి "మా అమ్మాయి నిలబడుతుందండీ, పాడదు, అది మా నమ్మకం" అంటే ఆ మాట హెడ్మాస్టరు గదిలోనే జరగాలి, మైకు దగ్గర కాదు. క్లాస్ టీచరుకు, పీఈటీ సారుకు చెబితే చాలు. ఆ పిల్లను వెనక వరుసకు మార్చకూడదు, ఆగస్టు 15న సెలవు పెట్టుకోమనకూడదు, కండక్ట్ సర్టిఫికెట్‌లో ఆ ప్రస్తావన తేకూడదు. పాట నడుస్తుండగా పక్కవాణ్ని గిల్లేవాడు, నవ్వించేవాడు వేరే లెక్క. వాణ్ని పిలిచి గట్టిగా మందలించాల్సిందే, వాడు ఎంత చక్కగా పాడేవాడైనా సరే.