ఏళ్ల తరబడి దిగులు: మాత్రలా, కౌన్సెలింగా?

డిస్థీమియా (ఏళ్ల తరబడి సాగే ఒక రకం డిప్రెషన్) అని తేలగానే వచ్చే ప్రశ్న ఇదే. రెండేళ్లకు పైగా (పిల్లల్లో ఏడాది) ఎక్కువ రోజులు దిగులుగానే గడవడం, మధ్యలో రెండు నెలలైనా పూర్తి తెరిపి లేకపోవడం దీని గుర్తు. ఆఫీసు, వంట, పిల్లల చదువులు అన్నీ నడుస్తూనే ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లు "మొదట్నుంచీ ముభావమే" అని వదిలేస్తారు, ఆ మనిషీ అదే నమ్ముతారు. ఏది మేలో తేల్చేది ఈ నమ్మకమే. తన స్వభావమే ఇంత అనుకునేవారికి కొద్దిపాటి గుణం కంటికి ఆనదు, వైద్యం మధ్యలో మానేస్తారు.

సెర్ట్రాలిన్‌నే చూడండి, డిప్రెషన్‌కి ఇచ్చే మాత్ర ఇది. 25 లేదా 50 మి.గ్రా.తో మొదలుపెడతారు. వికారం, విరేచనాలు, తలనొప్పి మొదటి వారంలోనే వస్తాయి. గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. చాలామంది మానేసేది ఈ మధ్యకాలంలోనే. ఇంకొందరు మొదటి డోసు దగ్గరే నెలలు గడిపి "పనిచేయలేదు" అంటారు. డాక్టరు అవసరాన్ని బట్టి 200 దాకా పెంచగలరు. లైంగిక ఆసక్తి తగ్గితే దాచకండి, మందు మార్చవచ్చు. ముందుగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి. గతంలో నిద్ర లేకుండానే రోజుల తరబడి హుషారుగా తిరిగిన సందర్భాలుంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ (దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) అయితే ఈ మాత్ర ఒక్కటే ఇవ్వడం ప్రమాదం.

కౌన్సెలింగ్‌కి ఈ బాధలు లేవు, నేర్చుకున్నది చేతిలో ఉంటుంది. కానీ వారం వారం వెళ్లాలి, కౌన్సెలర్ ఇంట్లో చేయమన్నవి చేయాలి: సాయంత్రం ఆరున్నరకు 20 నిమిషాల నడక, ముందూ తర్వాతా మనసుకు పదికి ఎన్ని మార్కులో రాసుకోవడం, ఇలాంటివి. ఆ ఓపికనే ఈ జబ్బు తినేస్తుంది. ఊరికే విని ఓదార్చే కౌన్సెలింగ్ అయితే ఏళ్లయినా తేలదు.

దీర్ఘకాలిక డిప్రెషన్‌పై అమెరికాలో 2000లో వచ్చిన అధ్యయనంలో మందుతో 48 శాతం, కౌన్సెలింగ్‌తోనూ 48 శాతం, రెండూ కలిపితే 73 శాతం మందికి గుణం కనిపించింది. వాళ్లది డిస్థీమియా కన్నా బరువైన జబ్బే, అయినా నా మొగ్గు రెండింటి వైపే: ముందు మాత్ర, ఓపిక రాగానే కౌన్సెలింగ్. టీనేజీ పిల్లలకు మాత్రం కౌన్సెలింగే ముందు. 25 ఏళ్లలోపు వారు మాత్ర మొదలుపెడితే తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో కనిపెట్టి ఉండాలి.

ఏ దారైనా రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) నింపండి. 14 ఉన్న స్కోరు 7కి దిగితే, మీకు తెలియకపోయినా వైద్యం పనిచేస్తోందన్నట్టే.

యోగా, నడక తోడుగా మంచివే. నిద్రకని ఇచ్చే ఆల్ప్రాజోలం దీనికి మందు కాదు, అలవాటైపోతుంది. డాక్టరు దొరకకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నయమయ్యాక కూడా మాత్ర కనీసం ఆరు నెలలు, చాలామందికి అంతకన్నా ఎక్కువే. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు వారాల మీద తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టుండటం మామూలే, దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోతారు.