చెప్పుల డబ్బాలో ఇంగ్లిష్: మూడేళ్లు వాడాక

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు, మెయిళ్లు నా పని. మూడేళ్ల కిందట ఒక పార్టీ మా బియ్యం శాంపిల్ చూసి 'మస్టీ స్మెల్' అని మెయిల్ పెట్టింది. మస్ట్ అంటే తప్పనిసరి కదా, వాసన కచ్చితంగా ఉండాలంటున్నారేమో అనుకుని, "ష్యూర్ సర్, తర్వాతి లాట్‌లో కూడా ఉంటుంది" అని జవాబిచ్చాను. మస్టీ అంటే ముక్కిన వాసన. ఓనర్ ఫోన్లో తిన్న తిట్లలో నా వాటా నాకు దక్కింది.

ఆ వారమే చెప్పుల డబ్బాలో అట్టముక్కలతో ఐదు అరలు చేశాను. మాటలు గుర్తుండిపోవడానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత చెప్పిన పద్ధతి. కార్డుకో ఇంగ్లిష్ మాట. అర్థం గుర్తొస్తే తర్వాతి అరలోకి, రాకపోతే మళ్లీ మొదటి అరకు. మొదటి అర రోజూ తీయాలి, వెనక అరలు కొన్ని రోజులకోసారి. పాత పెళ్లిపత్రికలు కోసుకుంటే కార్డులకు పైసా ఖర్చు లేదు.

మొదటి ఏడాది దాదాపు దండగ. తప్పు డబ్బాది కాదు, నేను ఏరుకున్న మాటలది. పెట్రికోర్ అని ఒకటి: తొలకరికి లేచే మట్టి వాసన. 1964లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరట. అది ఐదో అర దాకా వెళ్లింది. ఇప్పటికీ ఒక్కసారి కూడా వాడలేదు. ఎవరితో అంటాను, హమాలీలతోనా?

తర్వాత రోజూ కంటికి కనిపించే పనులకే మాటలు వెతికాను. నేను నల్గొండ నుంచి బస్సులో వస్తాను. ఒకరోజు కండక్టర్ జీరో టికెట్ కోసం ఆధార్ అడిగితే, పక్క సీటు పెద్దమ్మ సంచిలోంచి వక్కల డబ్బా తీసింది, మందుల చీటీ తీసింది, బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది. ఆధార్ మాత్రం దొరకదు. సంచంతా కెలికి వెతకడాన్ని 'రమేజ్' అంటారు. సెర్చ్ అంటే ఆ కెలుకుడు కనిపించదు. కార్డు వెనక అర్థం బదులు 'పెద్దమ్మ, బత్తాయి' అని రాశాను. ఆ మాట మళ్లీ మొదటి అరకు రాలేదు.

అలగడానికి సల్క్, గొణగడానికి మంబుల్ అలాగే పట్టుబడ్డాయి. మగ్గీ మాత్రం సతాయించింది. ఉక్కపోత అని రాసుకుని ఏప్రిల్ ఎండకు వాడేశాను. మన ఏప్రిల్‌ది పొడి మంట, దానికి స్కార్చింగ్ నయం. వానపడి ఆగాక, చెమట ఆరకుండా ఒళ్లు జిగటగా ఉంటే మగ్గీ. మన ముసురుకు మాత్రం సరిజోడు దొరకలేదు. డ్రిజిల్ అంటే తుంపర వరకే, మూడు రోజుల దిగులు అందులో లేదు. బ్యాండికూట్‌కు కార్డే అక్కర్లేకపోయింది. అది మన పందికొక్కే, తెలుగు నుంచి వెళ్లిన మాట. మా గోదాములో బోలెడు.

లోపాలూ ఉన్నాయి. ఈ డబ్బా పలకడం నేర్పదు. ఫోన్లో 'సబ్‌టిల్' అని నేనంటే అవతలి మనిషి రెండుసార్లు ఏంటీ అన్నాడు. అందులో బి పలకదని, 'సటిల్' అనాలని మా పాప చెప్పింది. వడ్ల సీజన్లో రెండు నెలలు డబ్బా ముట్టకపోతే సగం కార్డులు మళ్లీ మొదటికొస్తాయి.

మొన్న పెట్రికోర్ కార్డు తీసి, దాన్ని కొట్టేసి వెనకవైపు 'గ్రిటీ' అని రాశాను. అన్నంలో ఇసుక పంటికి తగిలితే ఆ మాట.