గోజోలో ఇల్లు వెతుకుతున్నారా? ఆ ఎర్ర బాల్కనీ ఇంటి జోలికి వెళ్ళకండి

ఇంకా కోపం చల్లారలేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. మాల్టా పక్కనున్న గోజో దీవిలో, ష్లెండి ఊళ్ళో, ఎర్ర చెక్క బాల్కనీ, గుమ్మం పక్కన కాగితంపూల చెట్టు ఉన్న రెండు పడక గదుల ఇల్లు. మనమందరం వాడే ఆ యాప్‌లో గోజో అని వెతకగానే పైన కనిపిస్తుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. అదే.

ఐదు రాత్రులకు 940 యూరోలు. ఏప్రిల్‌లో బుక్ చేశాను. గుంటూరు నుంచి అమ్మ వస్తోంది, పిల్లలకు సెలవులు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మాల్టాకు నేరుగా విమానం. అన్నీ కలిసొచ్చాయని మురిసిపోయాను. జూన్‌లో ఇంటి యజమాని వాట్సాప్‌లోకి వచ్చాడు. యాప్‌వాళ్ళు కమీషన్ పేరుతో మింగేస్తున్నారట, అక్కడ రద్దు చేసుకుని నేరుగా బ్యాంకు ఖాతాకు పంపితే వంద తగ్గిస్తాడట. రద్దు చేశాను, పంపాను. పంపేటప్పుడు ఖాతాదారు పేరు సరిపోవడం లేదని బ్యాంకు హెచ్చరించింది కూడా. అడిగితే "అది మా ఆవిడ ఖాతా" అన్నాడు. సరేనని నొక్కేశాను. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఆఫీసులో పది యూరోల బిల్లు మీద పేరు తేడా వస్తే తిప్పి పంపే మనిషిని.

ప్రకటనలో ఏడో ఫొటో చూడండి. సముద్రంలో నిలబడ్డ పెద్ద రాతి ద్వారం, కింద "ఇంటి నుంచి పావుగంట" అని రాసి ఉంటుంది. ఆ రాతి ద్వారం 2017 మార్చి 8న తుఫానులో కూలి సముద్రంలో కలిసిపోయింది. ఆ సంగతి నిన్న టాక్సీ డ్రైవరు చెబితే తెలిసింది. నాలుగు నెలలుగా ఆ ఫొటో పిల్లలకు చూపించి ఊరించింది నేనే.

మాల్టా వైపు రేవు చిర్కెవ్వా నుంచి గోజోకు ఓడలో ఇరవై అయిదు నిమిషాలు. రేవులో చేపల పడవల ముందు భాగాన రెండు కళ్ళు గీసి ఉంటే మా చిన్నది వాటికి చెయ్యి ఊపింది. అక్కడి వరకూ సెలవులే. ఇంటి దగ్గర తాళం పెట్టె మీద అతను పంపిన నాలుగంకెలు నొక్కాను, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారి నొక్కుతుంటే తలుపే లోపలి నుంచి తెరుచుకుంది. భుజాన తడి తువ్వాలుతో ఒక ఇటలీ పెద్దాయన. వెనక బల్ల దగ్గర ముగ్గురు పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆయన ఫోనులో అదే యాప్, అదే ఇల్లు, ఆగస్టు 11 నుంచి 18 వరకు.

యజమాని అయిదోసారికి ఫోనెత్తాడు.

"మీ పేరుతో యాప్‌లో బుకింగ్ ఏదీ లేదే."

"రద్దు చేయమన్నది మీరే కదా!"

"చేసింది మీరే కదా."

గొంతులో తడబాటు లేదు. మా అమ్మకు డెబ్భై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఈ రాత్రివేళ ఎక్కడికి పోవాలి అని అడిగాను. "ఓడలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి మేడమ్. టికెట్ వెళ్ళేటప్పుడే కొనాలి, మరిచిపోకండి" అని పెట్టేశాడు. ఆ తరవాత నా నంబరు బ్లాక్ చేశాడు.

టికెట్ మాట నిజమే. ఆ ఓడలో గోజోకు వచ్చేటప్పుడు డబ్బు అడగరు, తిరిగి వెళ్ళేటప్పుడు తలకు 4.65 యూరోలు తీసుకుంటారు. ఇన్నాళ్ళలో అతను చెప్పిన నిజం ఇదొక్కటే.

అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని ఇటలీ పెద్దాయన ఇచ్చిన మంచినీళ్ళు తాగింది. గుంటూరులో అద్దె ఇల్లు చూడ్డానికి వెళితే కుళాయి తిప్పి, నీళ్ళు రుచి చూసి గానీ బేరం మొదలుపెట్టని మనిషి. ఒక్క మాట అనలేదు. మా ఆయన కూడా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పైగా ఆగస్టు 15 శాంటా మరీయా పండగ, మాల్టా జనం సెలవులకు గోజోకే వచ్చి పడతారు. రాత్రి పదకొండున్నరకు గోజోలోని పెద్ద ఊరు విక్టోరియాలో ఒక్క గది దొరికింది, 210 యూరోలు, అయిదుగురం. యాప్‌వాళ్ళ జవాబు: మీరే రద్దు చేసుకున్నారు, బయట కట్టిన డబ్బుతో మాకు సంబంధం లేదు. బ్యాంకు జవాబు: వెనక్కి అడుగుతాం, అవతలివారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాడు పాపం, మహానుభావుడు.

మీకు చెప్పేదేముంది, డబ్బు యాప్ దాటించకండి. మాల్టాలో సెలవుల ఇళ్ళు అద్దెకిచ్చేవారికి టూరిజం అథారిటీ లైసెన్సు ఉండాలి, ఆ నంబరు అడగండి. నేను అడగలేదు.

పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి వచ్చాం. ఇది రాస్తూ యాప్ తెరిచి చూశాను. సెప్టెంబరులో ఆ ఇల్లు ఖాళీగా ఉందట. ఏడో ఫొటో అలాగే ఉంది.