మాక్రోబయోటిక్: బిగబట్టి తినాలా, పట్టువిడుపుతోనా?

చిన్నమ్మకు క్యాన్సర్‌కు కీమో మొదలైన వారానికే, మాక్రోబయోటిక్ అనే ధాన్యం, కూరగాయల పథ్యం మీద తిరుపతి ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి.

బావది పూర్తి నియమం. ముడిబియ్యం అన్నం, ఉడికించిన కూరగాయలు, మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్. పాలు, పెరుగు, చక్కెర బంద్. ఈ పద్ధతిని ప్రచారం చేసిన జపాన్ ఆయన జార్జ్ ఒహ్సావా చెప్పిన మెట్లలో పైది ఏడో నంబరు, అంటే ఉత్త ధాన్యమే. 1960ల్లో అమెరికాలో దాన్ని నెలల తరబడి పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. తర్వాత మిచియో కుషి లాంటివాళ్లు కూరగాయలు, పప్పులు కలిపి సడలించారు.

అక్కది రెండో దారి. ముడిబియ్యాన్ని రాత్రంతా నానబెట్టి జావలా కాచేది. ఒకపూట మెత్తటి రాగి సంగటి, అలసందల పులుసు. చిన్నమ్మ గిన్నె పక్కకు నెట్టి "ఇంత పెరుగన్నం పెట్టవే" అంటే పెట్టేసేది.

బావ పద్ధతిలో ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ చిన్నమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నోట్లో పుండ్లున్న మనిషి ముడిబియ్యం ఎలా నములుతుంది? మీసో తాగి "ఉప్పు కషాయం" అంది. ఈ తిండి క్యాన్సర్‌ను తగ్గిస్తుందనడానికి రుజువు లేదు. జంతు సంబంధమైనవన్నీ మానేస్తే బి12 విటమిన్ తగ్గుతుంది. చికిత్సలో ఉన్నవాళ్లకు మాంసకృత్తులు మామూలు కన్నా ఎక్కువే కావాలి. నా ఓటు అక్కకే.

డైటీషియన్ బరువు చూసి "బాగా ఉడికిన గుడ్డు కూడా పెట్టండమ్మా" అంది. బావ మూడు రోజులు ముభావంగా తిరిగి, నాలుగో రోజు తనే అర డజను గుడ్లు తెచ్చాడు.